నోరు మూసుకున్న గుల్లలు

పోయిన నెలలో ఒక పూట భోజనానికి అమలాపురంలో మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ఆరో తరగతి చదువుతున్న దాని కూతురు హాల్లో పాత పేపరు పరుచుకుని కూర్చుంది. సబ్బు బిళ్ళంత తెల్లటి ముద్దను చిన్న ప్లాస్టిక్ ఉలితో గోకుతోంది. ఒళ్ళంతా పొడి, సోఫా అంతా పొడి. ఏమిటే ఇది అని అడిగాను.

"ఫాజిల్ ప్రాజెక్టు అమ్మమ్మా. లోపల డైనోసార్ ఎముక ఉంటుంది. కొరియర్లో వచ్చింది."

మా మేనకోడలు వంటింట్లోంచే అందుకుంది. "శిలాజాల పాఠం జరుగుతోందంట అత్తా. క్లాసులో అందరూ ఇదే తెప్పించుకున్నారు. నీళ్ళలో నానబెడితే తొందరగా ఊడొస్తుందంట గానీ, మేడం గోకమన్నారంట."

నేను ముప్పయ్యేళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషిని. ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చుపోసిన ప్లాస్టిక్ ఎముకను సున్నపు ముద్దలో పెట్టి పంపితే, దాన్ని తీసి మార్కులు వేయించుకుంటారట. సరే, శిలాజం అంటే ఏమిటో చెప్పమన్నాను. "డైనోసార్ బోన్" అంది. ఇంకా అంటే, ఇంకేం లేదంది. నాకు విసుగొచ్చేది సరిగ్గా అక్కడే. అందరికీ డైనోసారే కావాలి. గుల్ల ఎవరికీ అక్కర్లేదు. ఈ భూమ్మీద ఏది ఎప్పుడు పుట్టింది, ఏది ఎక్కడ బతికింది, సముద్రం ఎక్కడిదాకా ఉండేది అని మనకు ఓపిగ్గా చెప్పినవి చాలావరకు గుల్లలూ నత్తలూ. అవి అరవవు, కరవవు, సినిమాలకు పనికిరావు. అదొక్కటే వాటి తప్పు.

"నీ వయసులో నా దగ్గర నిజమైనదే ఉండేది" అన్నాను.

"ఏదీ?"

"ఏటిగట్టులో ఉంది. మా నాన్నే వేయించారు."

పిల్ల నా వంక జాలిగా చూసి మళ్ళీ గోకుడు మొదలెట్టింది. మొత్తం చెబుదామంటే వినే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు గౌతమి గట్టు దిగువన. ఆ రోజుల్లో మా ఊళ్ళో రాయి ఉండేది కాదంటే బయటివాళ్ళు నమ్మరు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, దాని కింద ఇసుక, దాని కింద నీళ్ళు. కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డే దిక్కు. రుబ్బురోలు, సన్నికల్లు, పెరటి బండ, అన్నీ ఎప్పుడో పై ఊళ్ళ నుంచి పడవల మీద దిగినవే. వాటిని కూతుళ్ళకు సారెలో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. పిల్లలం మాకు బాదంకాయ కొట్టుకోవడానికి చిన్న రాయి దొరికితే పండగ. దాన్ని ఎవరి కంటా పడకుండా ధాన్యం గాదె వెనక దాచుకునేవాళ్ళం.

వేసవి చివర్లో, వరదలు రాకముందు, గట్టు బలపరచడానికి రాజమండ్రి అవతలి క్వారీల నుంచి రాళ్ళ పడవలు వచ్చేవి. పడవకు పూసిన తారు వాసన, ఊరబెట్టిన కొబ్బరి పీచు కంపు, ఏటి బురద వాసన కలిసి రేవు దగ్గర ముక్కులదిరిపోయేవి. రాళ్ళు గట్టు మీద కుప్పగా పోసి, వాటికి కాపలాగా ఇరిగేషన్ లస్కరును పెట్టేవారు. ఆయన మధ్యాహ్నం భోజనం చేసి తాటాకు గొడుగు మొహం మీద కప్పుకుని నిద్రపోయేవాడు. ఆయన నిద్రపోయే టైము ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు.

అలాంటి ఒక మధ్యాహ్నం నేనూ తమ్ముడూ కుప్పలోంచి గుమ్మడికాయంత రాయి ఒకటి దొర్లించుకొచ్చాం. మిగతావన్నీ నల్లరాళ్ళు. ఇదొక్కటే మురికి తెలుపు. పెరట్లో దాని మీద బాదంకాయ పెట్టి, నేను చిన్న నల్లరాయితో ఒక్కటి వేశాను. కాయ పక్కకు దూకింది, రాయి రెండుగా విడిపోయింది.

లోపలంతా గుల్లలు. ఆల్చిప్పల్లాంటివి ఒకదాని మీద ఒకటి, మధ్యమధ్య మరమేకులా మెలితిరిగిన పొడుగాటివి. గుల్ల కూడా రాయే అయిపోయింది గానీ, దాని మీది గీతలు చెక్కు చెదరలేదు. కొత్త సున్నం వాసన వేసింది. తమ్ముడు భయపడి, "దీన్ని ఎవరు కుట్టేరే లోపల పెట్టి?" అన్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్నకు ఆ తర్వాత మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పిన జవాబులు వింటే, వాడే నయం అనిపిస్తుంది.

లస్కరు వెనకాలే వచ్చాడు. రాయి దొర్లిన గీత మట్టిలో మా గుమ్మం దాకా ఉంది మరి. మా నాన్న హైస్కూల్లో సైన్సు మేష్టారు. నిద్రలోంచి లేచి బయటికొచ్చారు.

"మేష్టారండి, మీ పిల్లలండి, గవర్నమెంటు రాయి ఎత్తుకొచ్చేసేరండి."

నాన్న బెత్తం కోసం చూశారు. ఆ చూపు పోయి పోయి రాతి మీద పడింది. బెత్తం సంగతి మరిచిపోయి నేలమీద చతికిలబడ్డారు. లస్కరు తల గోక్కుని, "ఇదొక్కటీ ఉంచుకోండి మేష్టారూ. ఇంకోటి కదిల్తే నా ఉద్యోగం పోతాదండి" అని వెళ్ళిపోయాడు. మాకు దెబ్బలు తప్పాయి గానీ, దెబ్బలే నయమనిపించేలా ఉపన్యాసం మొదలైంది.

ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండే బురద. దాని వయసు ఆరు కోట్ల ఏళ్ళ పైమాట. అప్పటికి మనుషులు లేరు. కోనసీమే లేదు. ఇప్పుడు మన ఇల్లున్న చోట సముద్రం. ఆ తర్వాత ఎన్నో వేల ఏళ్ళు గోదావరి మట్టి మోసి మోసి పోస్తే మన ఊరు తేలింది. ఇదంతా నాన్న అన్నం ముందు కూర్చుని చెప్పారు. విస్తరి పక్కన రాయి, చేతిలో ముద్ద. ఆ రోజు చింతచిగురు, ఎండురొయ్యలు. అమ్మ రెండుసార్లు చూసి, "ఏవండీ, రాయి చల్లారిపోదు, కూర చల్లారిపోద్ది. ముందు తినండి" అంది. నాన్న తినలేదు. ఆ కూర ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు నా బాధ అర్థమవుతుంది.

ఆ నాటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ రాతి దర్శనం. పాలు పోసే ఆవిడ, పోస్టుమాను, కొబ్బరికాయలు దింపే అతను, ఎవరూ తప్పించుకోలేదు. స్కూల్లో తెలుగు మేష్టారు అటూ ఇటూ తిప్పి చూసి, "మత్స్యం, కూర్మం, వరాహం. మనవాళ్ళు ఎప్పుడో చెప్పేరండి ఇది" అన్నారు. నాన్న "ఆయ్, చెప్పేరండి" అని, ఆయన వెళ్ళాక అరగంట సణిగారు. మొహం మీద చెప్పొచ్చుగా అంటే, పెద్దాయన కదా అన్నారు. మా ఊళ్ళో అందరిదీ ఇదే వరస. ఎదురుగా ఉన్నప్పుడు ఆయ్, వెళ్ళాక సణుగుడు.

ఆ రాతిని నాన్న అంతటితో వదిలేస్తే ఈ కథ ఉండేది కాదు. మాది క్రైస్తవ కుటుంబం. నాన్న ఆదివారం ఉదయం గుడిలో పిల్లలకు బైబిలు పాఠం చెప్పేవారు. ఒక ఆదివారం రాతిని గోనెగుడ్డలో చుట్టి, నా నెత్తిన పెట్టి, అక్కడికి మోయించారు. దేవుడి పని ఎంత పాతదో చూడండర్రా అని చూపించి, అదే ఊపులో కోట్ల ఏళ్ళ లెక్క కూడా చెప్పేశారు. ఒక పిల్లాడు ఇంటికి పోయి, లోకం ఆరు దినాల్లో అవలేదంట తాతా, మేష్టారు చెప్పేరు అన్నాడు. ఆ తాత ఎవరో కాదు, మా సంఘపెద్ద.

ఆయన రిటైరైన కాంపౌండరు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, ఎడమచేతిలో బైబిలు. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఈయనే. మా తాత కూలికి పోతూ చనిపోతే, నాన్నను చేయి పట్టుకుని తీసుకెళ్ళి హాస్టల్లో చేర్పించింది, ఎస్సెల్సీ దాకా వెంటపడి చదివించింది కూడా ఈయనే. నాన్న ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేవారు. ఆయన నాన్నను ఎంతమందిలోనైనా "ఒరే అబ్బాయ్" అనేవారు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక గుడి పక్క తాటాకు పందిట్లో పెద్దలంతా కూర్చున్నారు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు చాపల మీద. రాతిని మళ్ళీ నేనే మోశాను. నా ఒళ్ళో గోనెగుడ్డ, గోనెగుడ్డలో రాయి, మెడ పీకుతోంది.

"మేష్టారూ" అన్నారు సంఘపెద్దగారు. ఆ పిలుపు వినగానే నాన్న మొహం మాడిపోయింది. "పిల్లలకి మీరు చెప్పింది వాక్యానికి విరుద్ధం అంటున్నారండి అందరూ. మీరేమంటారో చెప్పండి."

నాన్న లేచారు. రెండు ముక్కల్లో చెప్పి కూర్చోవాల్సిన మాట అది. అరగంట మాట్లాడారు. అవక్షేపాలు అన్నారు, రాతిపొరలను స్తరాలు అన్నారు, పుస్తకం తెరిచి బొమ్మలు చూపించారు. వెనక బెంచీలో ఒకాయనకు కునుకు పట్టింది. నాకు లేచి నాన్న చొక్కా పట్టుకుని లాగాలనిపించింది. అంతా విని సంఘపెద్దగారు నెమ్మదిగా అడిగారు.

"సముద్రపు గుల్ల కొండ మీద దొరికిందంటున్నారు. అంటే నీళ్ళు కొండెక్కేయనే కదండి. అది నోవహు కాలపు ప్రళయమే అని ఒప్పుకోవడానికి మీకొచ్చిన ఇబ్బందేంటండి?"

నాన్న మళ్ళీ స్తరాలు అన్నారు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు చాప మీద నుంచి మా మామ్మ లేచింది. నాన్న తల్లి. ఆవిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డు ఊరు. పొలం పనులు లేని నెలల్లో ఆ ఇంటిల్లిపాదీ ఉప్పుటేట్లో మొలలోతు దిగి, గుల్ల ఏరి, తట్టలతో సున్నం బట్టీలకు మోసేవారు. పెళ్ళయి మా ఊరొచ్చేదాకా మామ్మకు అదే పని. పాదాల నిండా గుల్ల కోసిన తెల్లటి చారలుండేవి. చదువు రాదు. నలుగురిలో నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో మాత్రం తెరిస్తే మూసేది కాదు.

వచ్చి నా ఒళ్ళోంచి రాయి తీసుకుంది. కొంగుతో తుడిచింది. బొటనవేలితో తడిమింది. అందరూ చూస్తుండగానే నాలిక కొసతో ఒకసారి తాకింది.

"ఇది ఏటి గుల్ల కాదండి. ఉప్పునీటిది."

"అదే కదక్కా నేను చెప్పేది" అన్నారు సంఘపెద్దగారు.

"ఆయ్. కానండి, వరద తోసుకొచ్చిన గుల్ల నేను మోసేనండి. అది ఇలాగుండదు. రెండు చిప్పలూ విడిపోతాయి. అంచులు అరిగిపోతాయి. నీరు చేటతో చెరిగినట్టు చెరిగేస్తదండి, పెద్దవన్నీ ఓ వారన, పిల్లలన్నీ ఓ వారన చేర్చేస్తది. ఇవి సూడండి." రాయి ఆయన ముందు పెట్టింది. "నోళ్ళు మూసుకునే ఉన్నాయి. అంచు అరగలేదు. తల్లీ పిల్లా ఒకే చోటున్నాయి. ఇవి ఎక్కడి నుంచీ కొట్టుకురాలేదండి. పుట్టిన చోటే పోయేయి."

మామ్మ వేలు ఇంకోచోట పెట్టింది.

"ఇదిగోండి, ఈ పెద్దదాని వీపు మీద ఈ గుల్ల పుట్టి పెరిగింది. ఇంత అవ్వాలంటే రెండు మూడు వానాకాలాలు పడతాదండి, నాకు తెలుసు. ఇది పోయేక దీని మీద ఇంకోటి పెరిగింది. దాని మీద ఇంకోటి. నూట యాభై దినాలు నీళ్ళు నిలిచేయని మీరే కదండి చదివి చెప్పేరు. అన్ని దినాల్లో ఇన్ని తరాలు అవ్వవండి."

సంఘపెద్దగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. రాతిని చాలాసేపు చూశారు. "అయితే ప్రళయం రాలేదంటావా అక్కా?"

"నేనెందుకంటానండి. వచ్చే ఉంటది. ఇది మాత్రం దానిది కాదు."

తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇదే సంగతి నాలుగైదు పేజీలుంటుంది. ప్రాణి బతికిన చోటే పూడిందా, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందా అని చూడటం శిలాజాల చదువులో మొదటి మెట్లలో ఒకటి. చిప్పలు విడిపోయాయా, అంచు అరిగిందా, సైజులు కలిసున్నాయా, ఒకదాని మీద ఒకటి పెరిగాయా, ఇవే ప్రశ్నలు. మామ్మ వాటిని ఉప్పుటేట్లో నేర్చుకుంది. అంత మాటా చెప్పి, వెళ్ళి చాప మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

గెలిచాం అనుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లను, అలా అనుకోవడంలో తప్పేముంది. పెద్దలు గుసగుసలాడుకున్నారు. సంఘపెద్దగారు గొంతు సవరించుకుని, "రాయి సంగతి బళ్ళో చెప్పండి మేష్టారూ. ఇక్కడ వాక్యం చెప్పండి. అందరికీ బావుంటదండి" అన్నారు. నిజానికి అది మెత్తటి తీర్పు. ఆయ్ అనేసి ఇంటికి రావచ్చు. తెలుగు మేష్టారికి ఆయ్ అన్న మనిషి, పోస్టుమానుకు కూడా ఎదురు చెప్పని మనిషి, సరిగ్గా ఆ రోజే, "బళ్ళో ఒక నిజం, గుళ్ళో ఒక నిజం నేను చెప్పలేనండి. పిల్లలకు ఇంకెవరినైనా చూసుకోండి" అని చెప్పులేసుకుని బయటికి నడిచారు. రాతిని మోసుకుంటూ నేను వెనకాల పరిగెత్తాను.

ఇంటికొచ్చాక మామ్మ నిప్పులు కురిపించింది. "నీ మూలంగా నలుగురిలో నోరిప్పేను కదరా. నిన్ను మనిషిని చేసిన ఆయన ముందు చెప్పులేసుకుని వచ్చేస్తావా?" నాకు మామ్మ మీద కూడా కోపమొచ్చింది. "మా అబ్బాయి చెప్పిందే నిజం అని ఒక్క ముక్క అనొచ్చు కదా మామ్మా" అన్నాను. "గుల్ల సంగతి అడిగేరు, గుల్ల సంగతి చెప్పేను. మీ నాన్న సంగతి నన్నెవరడిగేరే?" అని, వక్క కత్తిరించుకోవడంలో పడింది. ఇలాంటి మనుషుల మధ్య పెరిగాన్నేను.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో ఆదివారాలు భరించలేకపోయాను. నాన్న మామ్మను గుడి గేటు దాకా తీసుకెళ్ళి, తను లోపలికి రాకుండా కాలవ మీది కల్వర్టు గోడ మీద కూర్చునేవారు. కీర్తనలు అక్కడికి వినిపించేవి. పెదాలు కదిలేవి. కానీ లేచి పది గజాలు వెళ్ళరు. లోపల సంఘపెద్దగారు కిటికీలోంచి కల్వర్టు వైపు చూసేవారు. ఆయనా లేచి పది గజాలు రారు. నేను లోపల సగంసేపు, బయట సగంసేపు కూర్చునేదాన్ని. ఇద్దరికీ వాళ్ళ మధ్య పడున్నది ఒక రాయి మాత్రమేనని చెప్పేవాళ్ళు లేరు.

శ్రావణంలో వరదొచ్చింది. పైన ఎక్కడో వానలు, మాకు ఎండ. ఎర్రటి నీరు గట్టు అంచుకు జానెడు దిగువన పోతోంది. మానులు, పాకల కప్పులు కొట్టుకుపోతున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం గుడి వెనకాల గట్టుకు బుంగ పడింది. గట్టు అడుగున ఎలుక బొరియంత కన్నంలోంచి మట్టినీరు బుసబుసమని పొలంలోకి ఉబుకుతోంది. అది పెద్దదైతే గండి. గండి పడితే ఊరుండదు.

కుప్పలో రాళ్ళు అప్పటికే పై ఊరి గట్టుకు పోయాయి. ఇసుక బస్తాలు వేస్తుంటే నీరు తోసేస్తోంది. బరువు కావాలి, రాయి కావాలి అని లస్కరు అరుస్తున్నాడు. అప్పుడు చూశాను, మా ఊరు రాళ్ళు ఎలా ఇచ్చిందో. రుబ్బురోళ్ళు వచ్చాయి. సన్నికళ్ళు వచ్చాయి. తెలుగు మేష్టారు తన ఇంటి మెట్టుబండ ఊడబెరికించి ఎడ్లబండి మీద తెచ్చారు. మా అమ్మ తన పుట్టింటి సన్నికల్లు తలమీద పెట్టుకుని వచ్చింది. నాన్న ఇంటికి పరిగెత్తి, మంచం కింద నుంచి ఆ రాయి రెండు ముక్కలూ తీశారు. గుమ్మంలో నేను అడ్డం నిలబడ్డాను.

"నాన్నా, అది వద్దు. అలాంటిది మళ్ళీ దొరకదు."

"దొరకదమ్మా" అన్నారు. ముక్కలు రెండూ ఒకదానికొకటి ఆనించి, మూసి చూశారు. తర్వాత నన్ను పక్కకు జరిపి వెళ్ళిపోయారు.

గట్టు మీద నుంచి బుంగ దాకా మనుషులు వరసగా నిలబడి రాళ్ళు చేతులు మారుస్తున్నారు. వరస చివర, బురదనీళ్ళలో నడుం దాకా దిగి, రాళ్ళు పేరుస్తున్నది సంఘపెద్దగారు. అరవై దాటిన మనిషి. తెల్లటి చొక్కా బురద రంగుకొచ్చింది. రాయి చేతులు మారి మారి ఆయన దగ్గరికి వచ్చింది. తెల్లగా ఉందిగా, చూడగానే తెలిసిపోయింది. చేతుల్లో పట్టుకుని తలెత్తి, గట్టు మీదున్న నాన్నను చూశారు.

"ఒరే అబ్బాయ్. ఇది ఉంచుదాంరా. మా ఇంటి గుమ్మం బండ పెకలించుకొస్తాను."

"టైము లేదండి. వెయ్యండి మావయ్యగారూ."

ఆయన విసరలేదు. రెండు చేతులతో నీళ్ళలోకి దించి, బస్తాల మధ్య ఆనేలా కూర్చోబెట్టారు. రెండో ముక్క కూడా అలాగే. వాటి మీద అమ్మ సన్నికల్లు పడింది, దాని మీద మెట్టుబండ. చీకటి పడే ముందు బుంగ నీరు మట్టిరంగు తగ్గి తేటపడింది. తేట నీరొస్తే గట్టు నిలిచినట్టే. లస్కరు గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

రెండు వారాల తర్వాత సంఘపెద్దగారు మా ఇంటికొచ్చి కాఫీ తాగారు. వరద గురించి, కొబ్బరి చెట్ల గురించి మాట్లాడారు. వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి, "సండే స్కూల్లో పిల్లలు ఎవరి మాటా వినట్లేదురా అబ్బాయ్" అన్నారు. నాన్న "ఆయ్" అన్నారు. ఆ ఆదివారం నుంచి మళ్ళీ నాన్నే పాఠం చెప్పారు. కోట్ల ఏళ్ళ ఊసు ఆయన ఎత్తలేదు, ప్రళయం ఊసు ఈయన ఎత్తలేదు. ఎవరు గెలిచినట్టు? ఎవరు తప్పు ఒప్పుకున్నట్టు? అడిగితే అమ్మ, "అన్నీ నీకు తేల్చి చెప్పాలేంటే, పోయి చదువుకో" అంది. రెండు నెలలు నా ప్రాణాలు తీసిన తగువు కాఫీ గ్లాసుతో అయిపోయింది. రాయి మాత్రం నాది పోయింది.

డిగ్రీలో ఉండగా మా కాలేజీ వాళ్ళు మమ్మల్ని రాజమండ్రి అవతల ఒక పాత క్వారీకి తీసుకెళ్ళారు. బస్సు దిగి చూస్తే నిలువునా కోసిన గోడ. కింద నల్లరాయి, మధ్యలో మనిషెత్తున తెల్లరాయి, పైన మళ్ళీ నల్లరాయి. నల్లవి రెండూ నేలలోంచి పొంగి గడ్డకట్టిన లావా పొరలు. రెండు మంటల మధ్య ఒక సముద్రం వచ్చి, ఎన్నో తరాల గుల్లలు పుట్టి, పెరిగి, పోయాయి. తెల్లపొర నిండా అవే. ఆ గోడ దగ్గరికెళ్ళి వేలితో తడిమాను. అదే ఆల్చిప్పలు, అదే మరమేకులు.

లెక్చరరు అడిగారు. "ఇవి ఇక్కడే బతికాయా, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చాయా, ఎలా చెప్పగలం?"

నేను చెప్పాను. నోళ్ళు మూసుకున్నాయి, అంచు అరగలేదు, తల్లీ పిల్లా కలిసున్నాయి, దీని వీపు మీద ఇది పెరిగింది అని వేలు పెట్టి చూపించాను. చేటతో చెరిగిన మాట కూడా వదల్లేదు. ఆయన ఆశ్చర్యపోయారు.

"చాలా బాగా చెప్పావమ్మా. ఎవరు చెప్పారు నీకిదంతా?"

నా పక్కన ప్లీడర్ల కూతుళ్ళు, డాక్టర్ల కూతుళ్ళు నిలబడి ఉన్నారు. నేను వేసుకున్న వోణీ ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్నది. గుల్ల ఏరి తట్టలు మోసిన మామ్మ అనే మాట గొంతు దాకా వచ్చింది.

"మా నాన్నగారండి. సైన్సు మేష్టారు" అన్నాను.

ఆయన తల ఊపి, తన నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఇంటికెళ్ళేసరికి మామ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. అప్పటికి చూపు చాలావరకు పోయింది, చేత్తో తడుముకునే పని. ఏం చూసొచ్చావే అంది. చెప్పాను. ఎంత ఎత్తుందో, ఎన్ని గుల్లలున్నాయో చెబుతుంటే గింజ తీయడం ఆపి విన్నది.

"నోళ్ళు మూసుకున్నాయా?"

"మూసుకునే ఉన్నాయి మామ్మా."

"చిన్నాపెద్దా కలిసున్నాయా?"

"కలిసే ఉన్నాయి."

"మీ మేష్టారికి చెప్పేవా?"

"చెప్పేను. చాలా బాగా చెప్పేవన్నారు."

మామ్మ మొహం విప్పారింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "ఎవరు చెప్పేరని అడగలేదా ఆయన?" అంది.

"అడగలేదు మామ్మా" అన్నాను.

"అడగర్లే" అని మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది.

ఆయన అడిగారు. ఆ మాట ఆవిడకు చెప్పడానికి, ఆవిడ పోయేలోపు, నాకు ఇంకా రెండేళ్ళ టైము ఉంది. సెలవులకొచ్చిన ప్రతిసారీ ఆ అరుగు మీదే పక్కన కూర్చున్నాను. చెప్పలేదు.